చేరినవాళ్ళకే

నాకు కోపం ఎక్కువని ఆత్మకూరులో చాలామందికి తెలుసు. పప్పులు, మిరపకాయలు టోకున అమ్మే ఇంట్లో పుట్టిన పిల్లకు నోరు తియ్యగా ఉండాలని మా నాయన కోరిక. నోరు మంచిదైతే ఊరు మంచిదని నా చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. చివరికి నేను ఆ నోటితోనే బతుకుతున్నాను. కొట్టు మీది గదిలో కూర్చుని, ఆన్‌లైన్‌లో జనానికి మాట్లాడటం నేర్పుతాను. నా పేరు అనుపమ, నా కోర్సు పేరు "గొంతు". ముప్పై రోజులు. మైకు చూస్తే చెమటలు పట్టేవాళ్ళు, నలుగురిలో లేచి నిలబడితే నాలుక పిడచకట్టుకుపోయేవాళ్ళు చేరతారు. రోజూ నేనొక పాఠం పెడతాను. వాళ్ళు మూడు నిమిషాలు మాట్లాడి ఆ వీడియో పెడతారు. మిగతావాళ్ళు అది చూసి బాగోగులు చెబుతారు.

ఆ వీడియోలు కోర్సులో చేరినవాళ్ళకే కనిపిస్తాయి. ఈ ఒక్క విషయంలో నేను రాక్షసిని. డౌన్‌లోడ్ చేసుకుందామంటే కాదు. లింకు ఇంకొకరికి పంపితే తెరుచుకోదు. ఎవరు చూస్తుంటే వాళ్ళ పేరు, ఫోన్ నంబరు తెరమీద ఈగలా తిరుగుతూనే ఉంటాయి, కాబట్టి పక్క ఫోన్‌తో తీసి పంపినా ఆ పని ఎవరిదో తెలిసిపోతుంది. ఇంకో నియమం కూడా పెట్టాను. కొత్తగా చేరినవాళ్ళు తమవి మూడు వీడియోలు పెట్టేదాకా ఎదుటివాళ్ళవి చూడటానికి వీల్లేదు. ఊరికే చూసి నవ్విపోదామని వచ్చేవాళ్ళకు ఇది గొంతులో పచ్చి వెలక్కాయ.

ఇంత పట్టుదల ఎందుకంటే, నేను ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో స్వాగతోపన్యాసం ఇచ్చాను. "వేదికను అలంకరించిన" అని మొదలుపెట్టాను. తర్వాత ఏమీ గుర్తు రాలేదు. అదే మాట ఏడుసార్లు అని కిందికి దిగిపోయాను. ఎవడో వీడియో తీశాడు. సాయంత్రానికల్లా అది ఊరంతటి ఫోన్లలోకి చేరింది. నెలరోజుల పాటు కందిపప్పు కోసం మా కొట్టుకు వచ్చిన ప్రతి మనిషీ, ఏం పాపా, వేదికను అలంకరించినావా అని అడిగి మరీ సంచీ పట్టేవాడు. నేను ఏడవలేదు. ఒకాయనకు మాత్రం సంచీలో పప్పుతో పాటు గుప్పెడు మట్టిగడ్డలు వేశాను. అందుకే మొదటి పాఠంలోనే నా విద్యార్థులకు మాటిస్తాను: ఇక్కడ మాట్లాడింది ఈ గడప దాటదు.

ఇప్పుడు చెప్పబోయేది కూడా ఆ గడప లోపలిదే, కాబట్టి ముందు అడిగాను. నాగేశ్వరమ్మ చెప్పుకోమంది. నవ్వుతూ చెప్పుకోమంది. ఒక్క మాట తగ్గించినా ఒప్పుకోనని షరతు కూడా పెట్టింది.

నాగేశ్వరమ్మది ఉదయగిరి పక్కన పల్లె. నాలుగేళ్ళుగా ఆ ఊరికి ఆమె సర్పంచ్. అంటే కాగితం మీద. సీటు ఆడవాళ్ళకు రిజర్వయింది, తాతల నాటి నుంచీ ఊరి పెత్తనం ఆ ఇంటిది, ఆ ఇంట్లో ఆడమనిషి ఆమె. నామినేషన్ వేయించారు, గెలిచింది. మిగతాదంతా భర్త పెంచలనరసింహం చూసుకుంటాడు. పంచాయతీ ఆఫీసులో సర్పంచ్ కుర్చీలో ఆయన కూర్చుంటాడు. బోర్డు మీద సర్పంచ్ నంబరని రాసిన ఫోను ఆయన జేబులో ఉంటుంది. సభల్లో ఇప్పుడు సర్పంచ్ గారు మాట్లాడతారు అనగానే ఆయన లేచి, "సర్పంచ్ నాగేశ్వరమ్మ గారి తరఫున" అని మొదలుపెడతాడు. ఆమె పక్కనే ఉంటే దండ మాత్రం ఆమె మెడలో వేస్తారు. లేకపోతే ఆ దండ కూడా ఆయన మెడలోకే పోతుంది. అలాగని చెడ్డమనిషి కాదు. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెను మాట్లాడొద్దని అనలేదు. మాట్లాడతావా అని అడగనూ లేదు.

ఆమె నా కోర్సులో చేరుతూ ఫారంలో ఇలా రాసింది. పేరు: నాగేశ్వరమ్మ. వయసు: యాభై ఒకటి. పని: సర్పంచ్. ఎందుకు చేరుతున్నారు అనే చోట, "గ్రామసభలో నీళ్ళ సంగతి నేనే చెప్పాల" అని.

వాళ్ళ ఊళ్ళో కొళాయి నీళ్ళు తెల్లవారుజామున మూడింటికి వదులుతారు. పొలాల మోటార్లకు కరెంటు వచ్చే వేళ, ట్యాంకు మనిషికి తీరికయ్యే వేళ అన్నీ చూసి పెంచలనరసింహం పెట్టిన వేళ అది. మూడింటికి లేచి బిందెలతో నిలబడేది మాత్రం ఆడవాళ్ళు. మార్చమని నాగేశ్వరమ్మ ఇంట్లో నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ ఆయన ఆ సంగతి తన దృష్టిలో ఉందన్నాడు. అదే సంగతి సర్పంచ్ హోదాలో గ్రామసభలో మైకులో చెబితే రికార్డులోకి ఎక్కుతుంది, తీర్మానం చెయ్యక తప్పదు. కానీ ఆమె మాట్లాడబోతున్నట్టు ఆయనకు ముందే తెలియకూడదు. తెలిస్తే వద్దనడు, అదే బాధ. నువ్వెందుకు శ్రమపడటం, నేను చెప్తాలే అంటాడు. అంటే ఆ నీళ్ళు ఇంకో నాలుగేళ్ళు మూడింటికే వస్తాయి.

అందుకని ఆయన పొలానికి పోయినప్పుడు ధాన్యం గదిలో తలుపు వేసుకుని, బస్తాల మధ్య నిలబడి పాఠాలు చేసేది. సీరియళ్ళు చూసుకోవడానికని పిల్లలు ఎప్పుడో కొనిచ్చిన పాత ఫోను, మైకు బదులు చేతిలో ఉదయగిరి చెక్క గరిటె. మొదటి రోజు మూడు నిమిషాల్లో రెండున్నర నిమిషాలు ఆ గరిటెను చూస్తూనే గడిపింది. మిగతా అర నిమిషం దగ్గింది. ఐదో రోజుకు గరిటెను పలకరించింది. ఎనిమిదో రోజుకు గరిటెను మరిచిపోయి మమ్మల్ని చూసింది.

పదో పాఠం ఏమిటంటే, మీకు బాగా తెలిసిన ఒక మనిషిలా మాట్లాడండి. ఎదుటిమనిషి గొంతు పట్టుకుంటే మన గొంతు ఎక్కడుందో తెలుస్తుందని నా సిద్ధాంతం. ఆ రోజు నాగేశ్వరమ్మ కొంగును కండువాలా భుజాన వేసుకుంది, పొట్ట ముందుకు తోసింది, గడ్డం కిందికి లాగి ఫోన్‌లోకి చూసింది. మా ఊళ్ళో ఒక పెద్దమనిషి అని మాత్రం చెప్పి మొదలుపెట్టింది.

"సర్పంచ్ నాగేశ్వరమ్మ గారి తరఫున చెప్తుండా. నీళ్ళా? వస్తాయి. రాకుండా యాడికి పోతాయి. రోడ్డా? పడతాది. పడకుండా యాడికి పోతాది. ఆ సంగతి నా దృష్టిలో ఉండాది. నా దృష్టిలో పడిన సంగతి ఇంతవరకు బయటికి పోయింది లేదు."

నేను తాగుతున్న టీ ముక్కులోంచి వచ్చింది. కంప్యూటర్ కీబోర్డు మీద పడి ఇప్పటికీ రెండు మీటలు పనిచెయ్యవు. ఆ బ్యాచ్‌లో ముప్పై ఆరుమంది ఉన్నారు, ముప్పై ఆరుమందీ ఆ వీడియోను పదేపదే చూశారు. ఒక టీచరమ్మ స్టాఫ్ రూములో నవ్వు ఆపుకోలేక బయటికి పోయిందట.

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలు ఊరికే అనలేదు. జలదంకి నుంచి డేవిడ్‌రాజు అనే ఇన్సూరెన్స్ ఏజెంటు మా బ్యాచ్‌లో ఉన్నాడు. పాలసీల పనిమీద ఆ చుట్టుపక్కల తిరుగుతాడు కాబట్టి పెంచలనరసింహం ఉపన్యాసాలు ఒకటి రెండు విన్నాడు. వీడియో చూడగానే ఆ పెద్దమనిషి ఎవరో పట్టేశాడు. మరునాడు ఉదయగిరి బస్టాండు దగ్గర ఆ ఊరివాళ్ళతో టీ తాగుతూ, తమ ఆన్‌లైన్ క్లాసులో ఒకామె మీ ఊరి పెంచలనరసింహాన్ని అచ్చుగుద్దినట్టు దించేసిందని చెప్పి, రాకుండా యాడికి పోతాయి అనే ముక్క తనే చేసి చూపించాడు. ఆమె ఎవరో మాత్రం చెప్పలేదు. తర్వాత నేను ఫోన్‌లో చెడామడా తిడితే, వీడియో దాటలేదు మేడమ్, నవ్వొక్కటే దాటింది అన్నాడు. తిట్టడం ఆపేసి పది సెకన్లు ఆలోచించాను. దానికి నియమం నేను పెట్టలేదు.

ఆ సాయంత్రానికే ఊళ్ళో కుర్రకారు నీళ్ళా, వస్తాయి అనుకుంటూ తిరగడం మొదలైంది. పెంచలనరసింహానికి తనను వెక్కిరించారని అంత కోపం రాలేదు. ఊరంతా నవ్వుతున్నది తనకొక్కడికే తెలియకపోవడం ఆయనకు మింగుడుపడలేదు. కూపీ లాగితే ఆత్మకూరు శెట్టిగారి అమ్మాయి నడిపే క్లాసని తేలింది. తెల్లారి పది గంటలకు కారేసుకుని మా కొట్టుకు వచ్చేశాడు.

ఏటా ఆయన కందులు మా కొట్టుకే వస్తాయి. మా తాత నాటి నుంచీ ఉన్న సంబంధం. మా నాయన ఆయనకు కుర్చీ వేసి, సోడా తెప్పించి, పైకి వినపడేలా నన్ను పిలిచాడు. ఆ గొంతులోనే నాకు అర్థమైంది, ఎలాగైనా సర్దుకుపొమ్మంటున్నాడని.

పెంచలనరసింహం మర్యాదగానే అడిగాడు. ఆ వీడియో ఒక్క నిమిషం చూసి వెళ్ళిపోతానన్నాడు. కోర్సులో చేరినవాళ్ళకు తప్ప చూపించనన్నాను. తనకు కూడానా అన్నాడు. కలెక్టరు వచ్చినా చూపించనన్నాను. మా నాయన నన్ను మిరపకాయ బస్తాల పక్కకు లాక్కుపోయి, అదేమన్నా బంగారమా, చూపిస్తే ఏం పోతాదని గొణిగాడు. బంగారమైతే చూపించేదాన్నని చెప్పాను.

అప్పుడు పెంచలనరసింహానికి బుర్ర వెలిగింది. చేరినవాళ్ళకే అయితే తనే చేరతానన్నాడు. చేరండి పెదనాయనా, అయితే మీవి మూడు వీడియోలు పెట్టాకే మిగతావి తెరుచుకుంటాయి అన్నాను. మైకు ముందు పుట్టినవాణ్ణి నాకు మూడు ఒక లెక్కా అని నవ్వి, జేబులోంచి ఫోను తీసి అక్కడికక్కడే ఫారం నింపడం మొదలుపెట్టాడు. నింపాడు, నొక్కాడు. నొక్కాక ముఖం అదోలా అయింది. నేను పక్కనుంచి తొంగిచూశాను.

పేరు అనే చోట నాగేశ్వరమ్మ అని ఉంది. పని అనే చోట సర్పంచ్ అని ఉంది. నాలుగేళ్ళుగా ఏ ఫారం ముందుకొచ్చినా ఆ చెయ్యి అదే రాసింది. ఇప్పుడు కూడా తనంతట తానే రాసేసింది. దాని కింద ఎర్రటి అక్షరాల్లో మా సైటు జవాబిచ్చింది: "ఈ పేరుతో ఈ ఊరి నుంచి ఒకరు ఇప్పటికే చేరి ఉన్నారు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ వాక్యం నేను పెట్టించిందే. పోయిన ఏడాది ఒకాయన పొరపాటున రెండుసార్లు చేరితే, మళ్ళీ అలా కాకూడదని పెట్టించాను. తలుపుకు మూడు తాళాలు వేసి కిటికీ బార్లా తెరిచిపెట్టానన్నమాట. ముప్పై ఆరుమందికి మాటిచ్చిన మనిషిని నేను, నా సైటే నాగేశ్వరమ్మ గుట్టు ఆమె మొగుడి చేతిలో పెట్టింది. శుక్రవారం గ్రామసభకు ఇంకా మూడు రోజులుంది.

ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదివాడు. ముఖం ఎర్రబడింది. నేను గోడకు ఆనుకున్నాను.

"చూసినావా శెట్టీ," అన్నాడు మా నాయనతో. "ఎవతో మా సర్పంచ్ పేరు పెట్టుకొని మాట్లాడతా ఉండాది."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో ఆయన్ను ఒకటి పీకాలో తెలియలేదు. సర్పంచ్ పేరుతో మాట్లాడుతున్నది సర్పంచే కావచ్చన్న ఆలోచన ఆయన బుర్ర దరిదాపులకు కూడా రాలేదు. ఇది సిద్ధయ్య పనేనని తేల్చేశాడు. సిద్ధయ్య అంటే పోయిన ఎన్నికల్లో తన భార్యను నిలబెట్టి ఓడిపోయినాయన. పేరు నాగేశ్వరమ్మది, మాట తనది, గొంతు సిద్ధయ్య పెట్టించిన మనిషిది, ఇదీ కుట్ర అని మా నాయనకు వేళ్ళు మడిచి వివరించాడు. మనవాళ్ళలోనే ఎవరో సిద్ధయ్యకు అన్నీ మోస్తున్నారన్నాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పడతా చూడు అన్నాడు. నేను మిరపకాయ బస్తాల చాటుకు పోయి, ఘాటుకు దగ్గినట్టు దగ్గుతూ నవ్వు మింగాను. కళ్ళలో నీళ్ళకు ఎలాగూ కారణం ఉంది.

ఆ చేరినామె ఎవరో చెప్పమన్నాడు. చెప్పనన్నాను. పోలీసు కేసు పెడతానన్నాడు. పెట్టుకోమన్నాను. కాసేపు సోడా తాగి, సరే, రేపు అసలు సర్పంచ్‌నే ఎదురుగా తెచ్చి నిలబెడతాను, అప్పుడేం చేస్తావన్నాడు. ఆ పేరుతో చేరిన మనిషి తనంతట తాను వచ్చి తెరవమంటే తెరుస్తాను, ఆ హక్కు ఆమెదే అన్నాను. మాట మీద ఉండమని వేలు చూపించి కారెక్కాడు.

కారు మలుపు తిరగ్గానే నేను మొదట చేసిన పని ఆ ఎర్ర అక్షరాలు తీయించడం. ఇప్పుడు ఎవరు ఏ పేరు రాసినా మా సైటు ఒకటే మాట చెబుతుంది, మీ వివరాలు అందాయి, ఫోన్ చేస్తామని. రెండో పని నాగేశ్వరమ్మకు కోర్సులోనే సందేశం పెట్టడం. జరిగిందంతా రాశాను. తప్పు నాదేనని, రేపు మిమ్మల్ని తీసుకొస్తారని, మీరు ఎవరో తెలియనట్టే ఉంటానని, మీరు ఎలా చెబితే అలా చేస్తానని రాశాను. గంటసేపు జవాబు లేదు. ఆ గంటలో నేను తినని గోరు లేదు. తర్వాత ఒక్క వాక్యం వచ్చింది. "ఏ చీర కట్టుకోమంటావు?"

మర్నాడు ఆమె ఆకుపచ్చ నేత చీరలో వచ్చింది. అన్నాళ్ళూ ధాన్యం గదిలో చూసిన మనిషిని ఎదురుగా చూడటం అదే మొదలు. నేను అనుకున్నదానికంటే పొట్టి. భర్త వెనక మెట్లెక్కి పైగదిలోకి వచ్చి, కుర్చీ చివర కూర్చుని, ఒళ్ళో పర్సు పెట్టుకుంది. వెనకాలే మా నాయన మజ్జిగ గ్లాసులతో వచ్చాడు. మజ్జిగ ఒక వంక మాత్రమే, ఏం జరుగుతుందో చూడందే ఆయనకు అన్నం సహించదు.

పెంచలనరసింహం నిలబడే ఉన్నాడు. ఇదిగో సర్పంచ్, అసలు మనిషి, ఇప్పుడు తెరువు అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగి సిద్ధయ్య కుట్ర మొత్తం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. కారులో కూడా చెప్పే ఉంటాడు. ఆమె శ్రద్ధగా విని, ఆ మనిషి మిమ్మల్ని ఎట్ట దించిందంట, బాగుందంటనా అని అడిగింది. బాగుండేదేందే, అంటూ ఆయన మండిపడ్డాడు. ఆమె తలూపి నా వైపు తిరిగింది.

"ఏమ్మా, ఆ వీడియోలు ఎవరెవరు చూడొచ్చు?"

"చేరినవాళ్ళు మాత్రమే, అమ్మా."

"ఈయన చేరినాడా?"

"లేదమ్మా. మీ పేరుతో చేరబోయినారు. కుదర్లేదు."

"అయితే ఈయన చూడకూడదు."

"కూడదమ్మా."

ఆమె పర్సు తెరిచి పాత ఫోను బయటికి తీసింది. తీరిగ్గా నంబరు కొట్టింది, ఓటీపీ కొట్టింది. తెరమీద మా కోర్సు తెరుచుకుంది. నాగేశ్వరమ్మ అనే పేరు ఆ తెరమీద ఈ మూలకూ ఆ మూలకూ తిరగడం మొదలుపెట్టింది. పెంచలనరసింహం వంగి చూశాడు. ఆ పేరు చదివాడు. ఆ పేరు వెనక బస్తాల మధ్య నిలబడి ఉన్న మనిషి బొమ్మ చూశాడు. ఆ బస్తాలు తనవేనని కూడా గుర్తుపట్టి ఉంటాడు.

"ఎవరిది ఈ ఫోను?" అన్నాడు.

"సర్పంచ్‌ది," అంది నాగేశ్వరమ్మ.

ఆయన చెయ్యి దానంతట అది జేబు మీదికి పోయింది. అక్కడున్న ఫోనును పైనుంచే ఒకసారి తడుముకుంది. మా నాయన మజ్జిగ గ్లాసు ఎవరికిద్దామని తెచ్చాడో మరిచిపోయి తనే తాగేశాడు. ఆయన ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు, పద ఇంటికి అంటే చాలు, శుక్రవారం సభ లేదు, నీళ్ళు లేవు.

ఆయన కోప్పడలేదు. దెబ్బ తగిలినట్టు మెల్లగా అన్నాడు. "నాకు చెప్పుంటే నేనే చెప్పేవాణ్ణి కదా."

"అదే కదా నా భయం," అంది ఆమె.

ఫోను ఒళ్ళో పెట్టుకుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, మళ్ళీ తల ఎత్తింది. పదో రోజు వీడియోలో ఉన్న హుషారు ఇప్పుడు లేదు. ఎవరి గొంతూ కాకుండా తన గొంతుతోనే, ఒక్కొక్క మాటా చూసుకుంటూ చెప్పింది.

"మీరు కిందికి పొయ్యి కూర్చోండి. నాకు ఈ పూట పాఠం ఉండాది. శుక్రవారం సభలో నేను మాట్లాడతాను. అది ఊరందరికీ. దానికి చేరే పన్లేదు, మీరు గూడా రండి."

ఆయన నా వైపు చూశాడు. బయటికి పొమ్మని నేను అనలేదు కానీ, కూర్చోమనీ అనలేదు. నియమం నియమమే. ఆయన తలుపు దాటి రెండు మెట్లు దిగాడు. ఆగాడు. మా నాయనకు వినపడకూడదని కాబోలు, గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"అచ్చు నా మాదిరే ఉండాదా?"

"చేరి చూడండి," అంది నాగేశ్వరమ్మ.

ఆయన కిందికి దిగిపోయి కందుల బస్తా మీద కూర్చున్నాడు. తలుపు వేసుకుని మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. అంతే. నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని, శబ్దం బయటికి పోకుండా, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. పాఠం పావుగంట ఆలస్యంగా మొదలైంది.

శుక్రవారం నేను ఉదయగిరి బస్సెక్కి, అక్కడ ఆటో పట్టుకుని వాళ్ళ ఊరికి పోయాను. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు. ఎప్పుడూ రాని ఆడవాళ్ళు ఆ రోజు నలభై మంది వచ్చారు. డేవిడ్‌రాజు కూడా వచ్చి, నన్ను చూసి స్తంభం చాటుకు పోయాడు. సెక్రటరీ మైకు తీసుకుని ఇప్పుడు సర్పంచ్ గారు మాట్లాడతారన్నాడు.

పెంచలనరసింహం లేచి నిలబడ్డాడు.

కావాలని లేవలేదు, అది నాకు స్పష్టంగా తెలిసింది. ఫారం నింపిన చెయ్యి లాంటివే ఆ కాళ్ళు కూడా. జనం కూడా ఎప్పటిలాగే చప్పట్లు కొట్టేశారు. ఆయన సగం లేచి, పక్కకు చూసి, అప్పటికే మైకు దగ్గర నిలబడి ఉన్న భార్యను చూశాడు. లేచిన మనిషి ఏదో ఒకటి చెయ్యాలి కదా, మైకు వైరు ఆమె కాళ్ళకు తగులుతుంటే వంగి పక్కకు జరిపాడు. వచ్చి కూర్చున్నాడు.

నాగేశ్వరమ్మ మైకును చేతిలోకి తీసుకుంది. మైకు కీచుమంది. మొదటి రెండు మాటలు ఎవరికీ వినపడలేదు. ఆగింది, మైకును గరిటె పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నా తరఫున నేనే చెప్తుండా," అంది.

నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఈసారి మిరపకాయ బస్తాలు లేవు. ఆమె నీళ్ళ సంగతి చెప్పింది. మూడింటికి ఎవరెవరు లేస్తున్నారో పేర్లతో చెప్పింది, కడుపుతో ఉన్న పిల్ల బిందె ఎత్తుకుని మెట్టు మీద ఎలా జారిందో చెప్పింది, ట్యాంకు ఆరింటికి వదలడానికి అడ్డమేమిటో, ఆ అడ్డం ఎలా తీయొచ్చో చెప్పింది. మధ్యలో ఒక్కసారైనా భర్తను దించుతుందేమోనని ఊరంతా చెవులు రిక్కించి కాచుకుంది. దించలేదు. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తమంటే ఆడవాళ్ళందరూ ఎత్తారు. సిద్ధయ్య ఎత్తాలా వద్దా అని చూస్తుంటే, వెనక వరసలోంచి ఆయన భార్య చూసిన చూపుకు రెండు చేతులూ ఎత్తాడు. పెంచలనరసింహం కూడా ఎత్తాడు. సోమవారం నుంచి నీళ్ళు ఆరింటికి అని తీర్మానం రాశారు. కింద నాగేశ్వరమ్మ సంతకం పెట్టింది.

శనివారం పొద్దున నాకు ఫోన్ వచ్చింది. పెంచలనరసింహం. కోర్సులో చేరతానన్నాడు. పేరు అనే చోట తన పేరే రాశానని, ఒకటికి రెండుసార్లు చూసుకున్నానని చెప్పాడు. సంతోషం పెదనాయనా అన్నాను. ఫోను పెట్టెయ్యలేదు. అవతల ఏదో నసుగుతున్నాడు.

"పని అనే చోట ఏం రాయాల పాపా?"

మీరు చేసే పనే రాయండి అన్నాను.

"రైతు అని రాస్తుండా," అన్నాడు.

తర్వాత మూడు వీడియోలు పెట్టడానికి, మైకు ముందు పుట్టిన ఆ మనిషికి, పదమూడు రోజులు పట్టింది. చప్పట్లు కొట్టేవాళ్ళు లేకుండా, ఎవరి తరఫునా కాకుండా, ఫోను ముందు ఒక్కడే కూర్చుని ఆయన ఏం మాట్లాడాడో నాకూ, నా బ్యాచ్‌కూ, నాగేశ్వరమ్మకూ తెలుసు. మీకు చెప్పను. మీరు చేరలేదు.